డాబా మీద రంగుటద్దాల గది కట్టుకోవడం ఎలా

మా అమ్మమ్మ వాళ్ల మండువా ఇంట్లో వీధి తలుపు పైన మూడు రంగుటద్దాలు ఉండేవి. ఎరుపు, ఆకుపచ్చ, నీలం. పొద్దున ఎండ కాస్త పైకి వచ్చాక ఆ మూడు రంగులూ లోపలి గచ్చు మీద పడేవి. పిల్లలమంతా వాటి మీద అరచేతులు పెట్టి ఆడుకునేవాళ్లం. చెయ్యి ఎర్రగా అయ్యేది, కాస్త జరిపితే నీలంగా మారేది. ఇప్పుడు స్టెయిన్డ్ గ్లాస్ ఇన్‌స్టలేషన్ (రంగు గాజుతో చేసిన, మనం లోపలికి వెళ్లి చూసే కళాకృతి) అని మ్యూజియంలలో చూస్తున్నవాటికి మూలం ఆ ఆటలోనే ఉందని నాకు గట్టిగా అనిపిస్తుంది. రంగు మన ఒంటి మీద పడాలి. మనం దాని లోపల నిలబడాలి.

అలాంటి గది ఒకటి మీ డాబా మీద ఎలా కట్టుకోవాలో వివరంగా రాస్తున్నాను. కొలతలు మొదటే చెప్పేస్తాను: 6 అడుగుల పొడవు, 6 అడుగుల వెడల్పు, 8 అడుగుల ఎత్తు. తూర్పు గోడలో నేల నుంచి 3 అడుగుల ఎత్తున మొదలై 7 అడుగుల దాకా రంగుటద్దాలు. ఒక్కొక్కటి 2 అడుగుల చదరం ఉండే పలకలు ఆరు, మూడేసి చొప్పున రెండు వరసలు. మిగతా మూడు గోడలూ తెల్లగా, ఖాళీగా ఉంటాయి. ఇద్దరు కలిసి ఆదివారాలు పనిచేస్తే రెండు మూడు నెలలు పడుతుంది.

ముందు సుద్దముక్క, తర్వాతే గాజు

గాజు కొట్టుకు వెళ్లకముందే ఒక సుద్దముక్క తీసుకుని డాబా ఎక్కండి. ఈ పని చేసేవాళ్లలో చాలామంది మొదట గాజు మీద బొమ్మ గీస్తారు. నేనూ మొదటిసారి అలాగే చేశాను. బొమ్మ అందంగా వచ్చింది, కానీ వెలుగు పడాల్సిన చోట పడలేదు, ఆరు వారాల పని వృథా అయింది. అసలు మీరు తయారుచేస్తున్నది నేల మీదా గోడ మీదా పడే వెలుగు. గాజు దానికి పనిముట్టు. అందుకని నేల దగ్గర మొదలుపెట్టి వెనక్కి గాజు దాకా రావాలి.

ఫ్రిజ్ వచ్చిన పెద్ద అట్టపెట్టె దొరికితే విప్పి తూర్పు వైపు గోడలా నిలబెట్టండి. దొరకకపోతే రెండు వెదురు గడల మధ్య మందపాటి దుప్పటి కట్టినా సరిపోతుంది. అందులో 5 అడుగుల ఎత్తున జానెడు రంధ్రం చేసి, దానికి రంగు జిలెటిన్ కాగితం అంటించండి. ఉదయం ఏడున్నర నుంచి గంటకోసారి ఆ రంగు మరక ఎక్కడ పడుతోందో సుద్దతో గీసి, పక్కన టైమ్ రాయండి. పడమటి గోడ రాబోయే చోట ఒక ప్లైవుడ్ చెక్క నిలబెట్టి దాని మీద కూడా గీయండి.

లెక్క ప్రకారం హైదరాబాద్‌లో మార్చి 21 ప్రాంతంలో ఏమవుతుందో చూడండి. ఉదయం ఎనిమిదిన్నరకు 5 అడుగుల ఎత్తునుంచి వచ్చే వెలుగు ఎదుటి గోడ మీద, నేలకు అడుగున్నర రెండడుగుల పైన పడుతుంది. తొమ్మిదిన్నరకు గోడ దిగి నేల మీదకొస్తుంది, తూర్పు గోడకు సుమారు 5 అడుగుల దూరంలో ఉంటుంది. పదిన్నరకు 3 అడుగుల దూరానికి వచ్చేస్తుంది. అంటే రంగులు ముందు పడమటి గోడ మీద పైన కనిపించి, మెల్లగా జారి, నేల మీద పాకుతూ, పుట్టిన గోడ పాదం దగ్గరికే తిరిగి చేరతాయి. ఈ ప్రయాణమే మీ గదిలో జరిగే కథ. అందులో మనిషి ఏ చోట కూర్చుంటే ఏ రంగు ఎప్పుడు ఒళ్లోకొస్తుందో మీకు ముందే తెలిసిపోతుంది.

దక్షిణపు గోడలో ఎందుకు పెట్టకూడదని అడుగుతారు. ఐరోపా కిటికీల ఫొటోలు చూసి వచ్చే అనుమానం అది. పారిస్‌లోని సాంత్ షాపెల్ 1248లో ప్రతిష్ఠించిన ప్రార్థనాలయం. అందులో 15 మీటర్ల ఎత్తు కిటికీలు పదిహేను ఉన్నాయి, గోడల కన్నా గాజే ఎక్కువ. అక్కడ డిసెంబరు 21 ప్రాంతంలో మధ్యాహ్నం సూర్యుడు దిక్చక్రానికి 18 డిగ్రీల ఎత్తు కూడా ఎక్కడు. కిటికీలోంచి వచ్చిన వెలుగు గదిలో చాలా దూరం పోతుంది. మనకు హైదరాబాద్‌లో అదే డిసెంబరు మధ్యాహ్నం సూర్యుడు 49 డిగ్రీల ఎత్తున ఉంటాడు, మార్చిలో 72. మేలో నడినెత్తికి వచ్చేస్తాడు, ఆ తర్వాత ఆగస్టు మొదటి వారం దాకా మధ్యాహ్నం వేళ ఉత్తరానికి వాలి ఉంటాడు. మన దక్షిణపు కిటికీ ఆ రోజుల్లో మధ్యాహ్నం ఒక్క కిరణం కూడా పట్టదు. కాబట్టి మన నేలకు తూర్పు, పడమర గోడలూ పైకప్పూ మాత్రమే సరైనవి. ఇరాన్‌లో షీరాజ్ నగరంలోని నసీర్ అల్ ముల్క్ మసీదు 1888లో పూర్తయింది. దాని రంగు కిటికీల వెలుగు తివాచీల మీద పరుచుకోవడం చూడాలనుకునేవాళ్లు పొద్దున్నే వెళ్తారు. మీ గదికి కూడా పొద్దుటి వేళే ప్రాణం.

ఒక రోజు గీసి ఊరుకోకండి. సంక్రాంతి రోజుల్లో సూర్యుడు ఆగ్నేయం నుంచి వస్తాడు, రంగులు గదిలో ఉత్తరం వైపుకు జరుగుతాయి. జూన్‌లో ఈశాన్యం నుంచి వస్తాడు, అవి దక్షిణం వైపుకు పోతాయి. కనీసం రెండు వేరు వేరు నెలల్లో గీసుకుంటే ఈ జరుగుడు ఎంతో తెలుస్తుంది. తొందరగా ఉంటే ఒక నెల గీతలతోనే మొదలుపెట్టండి.

వెలుగు మసకబారుతుంది, దాన్ని లెక్కలోకి తీసుకోండి

సూర్యుడు మనకు చుక్కలా కాదు, అర డిగ్రీ వెడల్పున్న బింబంలా కనిపిస్తాడు. అందువల్ల కిటికీ అంచు నీడ దూరం పెరిగేకొద్దీ మసకబారుతుంది. మోటు లెక్క ఏమిటంటే మీటరు దూరానికి దాదాపు ఒక సెంటీమీటరు మసక. గాజు నుంచి నేలకు వెలుగు 3 మీటర్లు ప్రయాణిస్తే అంచులు 3 సెంటీమీటర్ల మేర కలిసిపోతాయి. గాజు ముక్కలను అతికించే అర సెంటీమీటరు టంకం గీత నేల మీద లేత నీడగా మిగులుతుంది, లేదా పూర్తిగా మాయమైపోతుంది. ఎంతో ఓపికగా కోసిన చిన్న పువ్వు రేకులు కింద ఒక రంగు మచ్చగా కలిసిపోతాయి.

అందుకని ముక్కలు పెద్దవిగా పెట్టండి. మూడు అంగుళాలకు తక్కువ వెడల్పు ఉన్న ముక్క వద్దు. నాలుగైదు అంగుళాలైతే ఇంకా మంచిది. పని కూడా తగ్గుతుంది. మొదటిసారి చేసేవాళ్లు నెమలి, కమలం లాంటి బొమ్మల జోలికి వెళ్లకుండా చతురస్రాలు, త్రికోణాలు, వంకర లేని గీతలతో చేయండి. అమెరికా కళాకారుడు ఎల్స్‌వర్త్ కెల్లీ ఇదే దారిలో ఎంత దూరం వెళ్లాడో చూడాలంటే టెక్సస్‌లోని ఆస్టిన్‌కు వెళ్లాలి. అక్కడి యూనివర్సిటీకి చెందిన బ్లాంటన్ మ్యూజియం ఆవరణలో ఆయన రూపొందించిన తెల్లటి రాతి కట్టడం ఉంది. దాని పేరే 'ఆస్టిన్'. ఆయన 2015లో పోయాడు, కట్టడం 2018 ఫిబ్రవరిలో తెరిచారు. 33 రంగు గాజు కిటికీలు, ఒక్క బొమ్మ కూడా లేదు. రంగు చతురస్రాలు, వలయంగా పేర్చిన రంగు పట్టీలు, తెల్ల గోడలు. ఆస్టిన్‌లో మనవాళ్లు చాలామందే ఉంటారు. అక్కడ బంధువులుంటే ఒకే రోజు ఉదయం ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి వెళ్లి చూసి రమ్మనండి. గోడ మీది రంగులు ఎంత జరిగాయో ఫొటో తీసి పంపమనండి.

రంగులు ఎంచుకోవడం

రంగులు తక్కువ పెట్టండి. ఫ్రాన్సులో వాన్స్ అనే ఊళ్లో చిత్రకారుడు మతీస్ చేసిన చాపెల్ (చిన్న ప్రార్థనాలయం) 1951లో తెరుచుకుంది. దాని కిటికీల్లో ఉన్నవి మూడే రంగులు: పసుపు, ఆకుపచ్చ, నీలం. ఆ మూడు చాలు అనుకునే ధైర్యం మనకు రావడమే కష్టం. మీకు నాలుగు దాటవద్దని నా సలహా.

ఇక్కడ ఒక విషయం గుర్తుపెట్టుకోవాలి. ముదురు నీలం గాజు తన గుండా చాలా తక్కువ వెలుగును పోనిస్తుంది. లేత పసుపు దాదాపు అంతా పోనిస్తుంది. రెండూ సమానంగా పెడితే నేల మీద పసుపు ఒక్కటే రాజ్యమేలుతుంది, దాని పక్కన నీలం నీడలా కనిపిస్తుంది. కాబట్టి ముదురు నీలానికి ఎక్కువ చోటు ఇవ్వండి, పసుపును బొట్టు పెట్టినట్టు వాడండి. లేకపోతే లేత నీలం ఎంచుకోండి. ఎరుపు కూడా ముదురుదే. అది కొద్దిగా ఉన్నా కన్ను లాగుతుంది కాబట్టి పెద్ద ముక్కలు రెండు మూడు చాలు.

ఇంకో సంగతి. నీలం గాజు మీద పసుపు గాజు పెడితే రెండింటి గుండా వచ్చేది ఆకుపచ్చ వెలుగు. కానీ నీలం వెలుగూ పసుపు వెలుగూ విడివిడిగా వచ్చి నేల మీద కలిస్తే తెల్లబారుతుంది. ఎరుపు, ఆకుపచ్చ వెలుగులు కలిసిన చోట పసుపు ఛాయ వస్తుంది. మసక అంచుల దగ్గర ఈ కలయికలు జరుగుతూనే ఉంటాయి. ఎరుపు పక్కనే ఆకుపచ్చ ముక్క పెట్టి నేల మీద ఆ రెండింటి మధ్య గీత ఎలా మారుతుందో చూడండి, మీరు కొననే కొనని రంగు అక్కడ కనిపిస్తుంది.

గాజు కొనేటప్పుడు

గాజు రెండు రకాలు. ఒకటి అవతలి వస్తువు కనిపించే పారదర్శకమైన రంగు గాజు, దీన్నే కేథడ్రల్ గ్లాస్ అంటారు. రెండోది పాలు కలిపినట్టు ఉండే ఒపలెసెంట్ గాజు. దీపాల షేడ్లకు రెండోది అందంగా ఉంటుంది. మన పనికి మొదటిదే కావాలి, ఎందుకంటే పాల గాజు వెలుగును నలుదిక్కులకూ చెదరగొట్టేస్తుంది, నేల మీద రంగు పడదు. అలలు, చుక్కలు ఉన్న పారదర్శకపు గాజు కొంత వాడుకోవచ్చు. చెరువులో ఎండ కదిలినట్టు నేల మీద గీతలు వస్తాయి.

కొట్టులో రంగు గాజు అని చూపించేవాటిలో చాలావరకు రంగు పూసినవీ ఫిల్మ్ అంటించినవీ ఉంటాయి. గోడలకు వాడే లాకర్డ్ గ్లాస్ గుండా వెలుగే రాదు. కోసిన అంచు చూడండి. మందమంతా రంగు ఉందా, లేక ఒక ముఖానికే పూతలా ఉందా? గోటితో, నాణెంతో గీకి చూడండి. కొన్ని మంచి ఎరుపు గాజులకు కూడా తెల్ల గాజు మీద పలచటి ఎర్ర గాజు పొర మాత్రమే ఉంటుంది, కానీ అది గీకినా రాదు. చివరి పరీక్ష: ముక్కను ఎండలోకి తీసుకెళ్లి, చేతి దూరంలో తెల్ల కాగితం పెట్టి, కాగితం మీద పడిన రంగును చూడండి. గాజు మొహం చూసి కొనకండి, కాగితం మీది రంగు చూసి కొనండి.

ఈ రంగులు లోహాల వల్ల వస్తాయి. కోబాల్టు నీలాన్నిస్తుంది, ఇనుము, క్రోమియం ఆకుపచ్చనిస్తాయి, మాంగనీసు ఊదానిస్తుంది. కెంపు, గులాబి ఛాయల్లో కొన్నింటికి బంగారం కలుపుతారు, ఆ రంగులు ఖరీదుగా ఉండేది అందుకే. గాజులోనే కలిసిపోయిన రంగు కాబట్టి ఎండకు వెలవదు. మెదక్ చర్చికి వెళ్లి చూడండి. 1924 డిసెంబరు 25న ప్రారంభమైన ఆ చర్చిలో మూడు పెద్ద రంగు గాజు కిటికీలున్నాయి, మొదటిది 1927 నాటిది. మన ఎండ అన్నేళ్లుగా పడుతున్నా రంగు చెక్కుచెదరలేదు. ఈ పనికి దిగేముందు ఒక పూట అక్కడ గడపండి. సూర్యుడు మారేకొద్దీ ఒక్కో కిటికీకి ఎలా ప్రాణం వస్తుందో, పొద్దు పోయాక లోపలినుంచి చూస్తే అవే కిటికీలు ఎలా నల్లబడిపోతాయో గమనించండి.

పాత ఇళ్లు పడగొట్టినప్పుడు వచ్చిన తలుపులు, కిటికీలు అమ్మే చోట్ల కూడా వెతకండి. పాత రంగుటద్దాలు మంచివి, నిజమైన రంగు. సీసాలు మాత్రం ఈ పనికి రావు, వంపు ఉన్న గాజు పలకలో కూర్చోదు. మందం 3 మిల్లీమీటర్లు ఉండేలా చూసుకోండి. కోతలో పగిలేవాటికి పావు వంతు ఎక్కువ కొనండి.

గీయడం, కోయడం

పలక సైజులోనే, అంటే 2 అడుగుల చదరం మందపాటి కాగితం మీద గీయండి. కార్బన్ పెట్టి రెండు ప్రతులు తీయండి. ప్రతి ముక్కకూ ఒక నంబరు, రంగు పేరు రాయండి. ఒక ప్రతి బల్ల మీద ఉంటుంది, రెండోదాన్ని ముక్కలుగా కత్తిరించి గాజు మీద అంటిస్తారు. ముక్కకూ ముక్కకూ మధ్య ఒక మిల్లీమీటరు ఖాళీ వదలాలి, తర్వాత అంచులకు చుట్టే రాగి టేపు మందానికి అది అవసరం.

ఒక అంచు నుంచి ఎదుటి అంచు దాకా తిన్నగా పోయే గీత పలకలో ఎక్కడా ఉండకూడదు. ఉంటే పలక అక్కడ మడత బందులా వంగుతుంది. తాపీ మేస్త్రి ఇటుక అతుకులు ఒకదాని మీద ఒకటి రాకుండా ఎలా పేరుస్తాడో అలాగే గీతలు తప్పించండి.

కోతకు చిన్న స్టీలు చక్రం ఉన్న గ్లాస్ కట్టర్ చాలు. చక్రాన్ని కిరోసిన్‌లో ముంచండి. కళ్లద్దాలు పెట్టుకోండి, చెప్పులు కాదు, బూట్లు వేసుకోండి. కట్టర్ నిటారుగా పట్టుకుని ఈ అంచు నుంచి ఆ అంచు దాకా ఒకే ఒత్తిడితో, ఒకేసారి లాగాలి. పాత చీర చింపినప్పుడు వచ్చే చప్పుడు వస్తే సరిగ్గా గీసినట్టు. చప్పుడు రాకపోతే ఒత్తిడి చాలలేదు, గీత పొడవునా తెల్లటి పొడి రాలితే ఎక్కువైంది. గీసిన గీత మీద రెండోసారి ఎప్పుడూ గీయకండి. గాజు ఇష్టమొచ్చినట్టు పగులుతుంది, చక్రం కూడా పాడవుతుంది. గీసిన వెంటనే రెండు చేతులతో గీతకు అటూ ఇటూ పట్టుకుని కిందికి వంచినట్టు విరవండి. సన్న పట్టీలకు రన్నింగ్ ప్లయర్ అనే పటకారు వాడాలి.

మొదటి రెండు రోజులు మామూలు తెల్ల గాజు మీద సాధన చేయండి. కిటికీ అద్దాల కొట్టులో ముక్కలు ఊరికే ఇస్తారు. యాభై గీతలు గీశాక చేతికే తెలుస్తుంది. రంగు గాజు మీద నేర్చుకోవడం డబ్బు దండగ.

కోసిన అంచులను సానరాయితోనో, వజ్రపు పొడి పూసిన చిన్న గ్రైండర్‌తోనో అరగదీయాలి. ఎప్పుడూ తడిగానే అరగదీయండి, పొడి గాల్లోకి లేవకూడదు. అరగదీశాక ముక్కను సబ్బు నీళ్లతో కడిగి బాగా ఆరనివ్వండి. కిరోసిన్ జిడ్డు ఉంటే టేపు పట్టదు. చాలామందికి పని చెడేది ఇక్కడే, టంకం దగ్గర కాదు.

రాగి టేపు, టంకం

పాత చర్చి కిటికీల్లో గాజు ముక్కలను సీసపు పట్టీల్లో కూర్చేవాళ్లు. అంచులకు రాగి టేపు చుట్టి టంకం వేసే పద్ధతి 19వ శతాబ్దం చివర్లో అమెరికాలో టిఫనీ అనే గాజు కళాకారుడి కార్ఖానాల ద్వారా బాగా వ్యాపించింది. ఇంట్లో చేసుకునేవాళ్లకు ఇదే తేలిక. అయిదున్నర మిల్లీమీటర్ల వెడల్పు టేపు తీసుకుని, గాజు అంచు సరిగ్గా మధ్యలో వచ్చేలా చుట్టండి. రెండు వైపులా మిల్లీమీటరుకు కాస్త ఎక్కువ మిగలాలి, దాన్ని మడిచి వెదురు పుల్లతో గట్టిగా రుద్దండి. ముడతలు లేకుండా అతుక్కోవాలి.

ముక్కలన్నీ గీసిన కాగితం మీద నంబర్ల ప్రకారం పేర్చి, చుట్టూ చెక్క బద్దలు మేకులతో కొట్టి కదలకుండా చేయండి. తర్వాత రాగి మీద ఫ్లక్స్ పూయాలి. రాగి గిన్నెలకు కళాయి వేసేవాళ్లు నవసాగరం చల్లడం చూసే ఉంటారు. ఫ్లక్స్ పని అదే, రాగి మీది చిలుము తీసేసి టంకం పట్టేలా చేస్తుంది. ఫ్లక్స్ లేకుండా టంకం బొట్లు బొట్లుగా జారిపోతుంది.

టంకం తీగ 60 పాళ్లు తగరం, 40 పాళ్లు సీసం ఉన్నది, మధ్యలో రోజిన్ (చెట్టు బంక) లేనిది తీసుకోండి. రేడియో రిపేరుకు వాడే సన్న తీగలో రోజిన్ ఉంటుంది, దానితో పలకంతా జిగటవుతుంది. సోల్డరింగ్ ఐరన్ 80 నుంచి 100 వాట్లది, మొన ఉలిలా చదునుగా ఉన్నది కావాలి. 25 వాట్లది ఈ పనికి చాలదు. ముందు అక్కడక్కడా చుక్కలు వేసి ముక్కలు కదలకుండా పట్టించండి. తర్వాత గీతంతా పలచగా పూయండి. చివర్లో మరోసారి నింపుతూ పోతే గుండ్రంగా, ఎగుడుదిగుడు లేని గీత వస్తుంది. ఒకేచోట ఎక్కువసేపు ఆగకండి, వేడికి గాజు పగులుతుంది. పలక తిప్పి రెండో వైపూ అలాగే చేయండి.

చుట్టూ ఇత్తడి యూ ఆకారపు చానల్ వేసి మూలల్లో టంకం వేయండి. అల్యూమినియం చానల్ వద్దు, దానికి టంకం పట్టదు. పలక వెనక మధ్యలో ఒక ఇత్తడి కడ్డీని అడ్డంగా గీతలకు అతికిస్తే వంగకుండా ఉంటుంది.

సీసం విషయంలో నిర్లక్ష్యం వద్దు. ఈ పని వంటింట్లో చేయకండి, పని బల్ల దగ్గర ఏమీ తినకండి, తాగకండి. లేచిన ప్రతిసారీ చేతులు సబ్బుతో కడుక్కోండి. పని బట్టలు విడిగా ఉతకండి. ఫ్లక్స్ పొగ పీల్చకుండా పక్కన ఫ్యాను పెట్టి బయటికి పోనివ్వండి. గర్భిణులు, చిన్నపిల్లలు ఈ పని చేసే చోటికే రాకూడదు. ఇంట్లో పసివాళ్లుంటే కాస్త ఖరీదైనా సీసం లేని టంకం కొనండి.

చట్రం, గాలి, బరువు

చట్రానికి 25 మిల్లీమీటర్ల జీఐ (జింకు పూత ఉన్న ఇనుప) స్క్వేర్ పైపు సరిపోతుంది. వెల్డింగ్ షాపులో కొలతలిస్తే ఒక రోజులో చేసిస్తారు. గోడలకు ప్లైవుడ్‌ లేదా సిమెంట్ బోర్డు బిగించుకోండి.

బరువు చూడండి. 3 మిల్లీమీటర్ల గాజు చదరపు మీటరుకు ఏడున్నర కిలోలు. మన 2 అడుగుల పలక టంకం, చానల్‌తో కలిపి నాలుగు కిలోల దాకా వస్తుంది. స్టెయిన్డ్ గ్లాస్ పలక పగిలితే కత్తుల్లా రాలుతుంది కాబట్టి దాన్ని ఒంటరిగా వదలకూడదు. బయటివైపు 5 మిల్లీమీటర్ల టఫెన్డ్ గ్లాస్ (గట్టిపరచిన గాజు), లోపలివైపు తేటగా ఉండే పాలికార్బనేట్ ప్లాస్టిక్ షీటు, రెండింటి మధ్య మన పలక. అడుగున రెండు చిన్న రంధ్రాలు వదిలితే లోపల చెమ్మ పట్టదు. ఇదంతా కలిపి తూర్పు గోడ మీద 50 కిలోలు దాటుతుంది.

బరువుకన్నా గాలి గురించి ఎక్కువ ఆలోచించాలి. 6 అడుగుల వెడల్పు, 8 అడుగుల ఎత్తు గోడ మీద గంటకు 120 కిలోమీటర్ల వేగంతో గాలి వీస్తే సుమారు 300 కిలోల తోపు పడుతుంది. డాబా మీద అది తెరచాపలా పనిచేస్తుంది. చట్రాన్ని పిట్టగోడకు, స్లాబులోని బీముకు బిగించే పద్ధతి ఇంజనీరునడిగి చేయండి. స్లాబులో బోల్టు దింపిన చోట వాటర్‌ప్రూఫింగ్ మళ్లీ చేయించాలి. విశాఖ, మచిలీపట్నం లాంటి తీరపు ఊళ్లలో ఉన్నవాళ్లు పలకలు స్క్రూలతో విప్పి తీసేలా పెట్టుకోండి. తుపాను హెచ్చరిక వచ్చిందంటే అరగంటలో ఇంట్లోకి చేర్చగలగాలి.

లోపల

గోడలకు, నేలకు తెల్ల సున్నం కొట్టండి. మెరిసే పెయింటు వద్దు, టైల్స్ వద్దు. మెరుపు ఉంటే వెలుగు అద్దంలోలా తిరిగిపోతుంది. సున్నం గరుకుగా ఉండి రంగును తన మీద నిలబెట్టుకుంటుంది. దీనికి మించిన పూత నాకు ఇంతవరకు కనిపించలేదు.

తలుపు ఉత్తరం వైపు పెట్టి, లోపల ఒక మందపాటి నల్ల తెర వేలాడదీయండి. సన్న సందులోంచి తెల్ల వెలుగు దూరినా రంగులు పలచబడిపోతాయి. మిట్టమధ్యాహ్నం లోపల కూర్చుని ఎక్కడెక్కడ సందులున్నాయో చూసి, ప్రతిదాన్నీ సిలికాన్‌తో మూయండి. గాలి కోసం పైన వదిలే ఖాళీకి బయట వంచిన రేకు కొడితే గాలి వస్తుంది, వెలుగు రాదు. ఏప్రిల్, మే నెలల్లో పదకొండు దాటాక లోపల ఎక్కువసేపు ఉండలేరు, అప్పుడు తలుపు తీసి ఉంచండి.

ఇప్పుడు ఒక పళ్లెంలో నిప్పు మీద సాంబ్రాణి వేసి లోపల ఓ మూల పెట్టండి. పొగ పలచగా పరుచుకోగానే అప్పటిదాకా నేల మీదే ఉన్న రంగు గాజు దాకా లేచి నిలబడుతుంది. నీలపు స్తంభం, దాని పక్కన ఎర్రటిది, వాటి మధ్య మీరు. పొగ ఎక్కువైతే కళ్లు మండుతాయి, చిటికెడు చాలు. నిప్పు ఉన్నంతసేపూ తెర పక్కకు కట్టి ఉంచండి.

ఎవరినైనా తీసుకొస్తే ముందు ఏమీ వివరించకండి. లోపలికి పంపి తెర వేసేయండి. చీకటికి కళ్లు అలవాటు పడటానికి రెండు మూడు నిమిషాలు పడుతుంది. ఇద్దరికన్నా ఎక్కువమందిని ఒకేసారి పంపకండి, ఒకరి నీడ ఇంకొకరి రంగును తినేస్తుంది. రాత్రి చూపించాలంటే తూర్పు వైపు దూరంగా, ఎత్తున ఒకే ఒక్క ఫ్లడ్‌లైట్ పెట్టండి. ట్యూబ్‌లైట్లు పనికిరావు. వెలుగు ఒక్కచోట నుంచి వస్తేనే రంగు ఆకారంతో పడుతుంది.

పైకప్పులో ఒక గుండ్రని కన్ను

తల మీద గాజు పలక పెట్టవద్దు. కప్పులో రంగు కావాలంటే రంగు యాక్రిలిక్ వాడండి. టామ్ ఫ్రూయిన్ అనే అమెరికా కళాకారుడు 2010లో కోపెన్‌హాగెన్‌లో నిలిపిన రంగుల ఇల్లు అంతా అలాంటి ప్లాస్టిక్ పలకలతో చేసిందే, దూరం నుంచి చూస్తే అచ్చం స్టెయిన్డ్ గ్లాసే అనిపిస్తుంది.

కప్పు రేకులో సరిగ్గా గది నడుమ ఒక అడుగు వెడల్పున గుండ్రంగా కోసి, పసుపు యాక్రిలిక్ బిగించి, అంచుల చుట్టూ వాన నీరు దిగకుండా మూయండి. ఆ కన్ను మధ్య నుంచి మేస్త్రి వాడే తూకుగుండు కిందికి వదిలి, అది తాకిన చోట నేల మీద అదే సైజు వలయం సుద్దతో గీయండి. హైదరాబాద్‌లో నీడ లేని రోజులు, అంటే మధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నడినెత్తిన ఉండే రోజులు, ఏడాదికి రెండు వస్తాయి, మే 9, ఆగస్టు 3 ప్రాంతాల్లో. మీ ఊరు ఇంకా దక్షిణాన ఉంటే మొదటిది కొన్ని రోజులు ముందు, రెండోది కొన్ని రోజులు తర్వాత. ఆ రోజు పన్నెండు గంటలకే లోపలికి వెళ్లి, తెర వేసుకుని, వలయం పక్కన కూర్చోండి. పసుపు వెలుగు పడమర నుంచి జరుగుతూ పన్నెండుంబావు వేళకు మీరు గీసిన సుద్ద గీతలోకి వచ్చి సరిగ్గా కూర్చుంటుంది. దాంట్లో అరచెయ్యి పెట్టండి.